పేడ కోసం ఎదురుచూసిన ఇల్లు

మాఘమాసం, శుక్రవారం, పొద్దుగాల అయిదు గంటల పది నిమిషాలకు మా ఎర్రావు మాదాపూర్ వెనకాల కొత్తగా లేచిన టవర్లో పదకొండో అంతస్తు మీద సామాన్ల లిఫ్టు దిగింది. టైము ఇంత సరిగ్గ ఎట్ల తెలుసంటే, లిఫ్టు తలుపు మీద ఎర్ర అంకెలతో గడియారం ఉండె. చదువు వచ్చినకాడి నుంచి గోడ మీద ఏం కనపడ్డా చదవకుండ ఉండలేను.

ఆ చదువు కూడ వెంట్రుకలు తెల్లబడ్డంకనే వచ్చింది. పాలు పోయించుకునేటోళ్లు ఫోనుకు రాసి పంపుతుండె, రేపు పాలు వద్దని, ఊరికి పోతున్నమని. నాకు చదవరాక క్యాను మోసుకపోయి తాళంకప్పను చూసి తిరిగి వస్తుండె. ఒకనాడు కోపమొచ్చి, మదీనాగూడలో పాలు పోయించుకునే టీచరమ్మ ముందట పలక పట్టుకొని కూర్చున్న. అందుకని నా రాతలో సోకులుండవు.

మా కొట్టం చందానగర్ బజారు వెనక, రెండు అపార్ట్‌మెంట్ల గోడల నడుమ ఉన్న ఖాళీ జాగాలో ఉన్నది. జాగా మాది కాదు. లెమ్మన్ననాడు లేవాలె. వెనకట మాకు బర్లుండె. మేపే జాగలన్నీ ఆఫీసులైనంక బర్లు పోయినయి, ఈ ఒక్క ఎర్రావు మిగిలింది. నాటుది, చిన్నది, మూపురం ఉన్నది. లిఫ్టులో పడుతది. అందుకని గృహప్రవేశాలకు దీన్ని తోలుకపోవుడు మా ముసలాయనకు పనైంది.

ఆ పని సంగతి చెప్పాలె. కొత్త ఇంట్లో ముందు ఆవు అడుగు పెట్టాలె. అడుగు పెట్టి ఊకుంటే చాలదు. ఇంట్ల పేడ వెయ్యాలె, ఉచ్చ పొయ్యాలె. వేస్తే ఇంటోళ్ల మొఖాలు వెలిగిపోతయి. వెయ్యకపోతే అందరూ దాని తోక దిక్కు చూసుకుంట నిలబడుతరు. అప్పుడు ఎవరో ఒకరికి ఆలోచన వస్తది, ఇంకింత తినపెడితే వేస్తదేమో అని.

తినపెట్టేది గడ్డి అయితే నేను ఇదంతా రాసేదాన్నే కాదు. నానబెట్టిన శెనగలు, బెల్లం, బియ్యం, అరటిపండ్లు, పరమాన్నం. వచ్చిన ముత్తైదువలందరూ తలా ఒక పిడికెడు పెడుతరు. ఒక్క పిడికెడే గదా అని ప్రతి ఒక్కరికీ అనిపిస్తది. పిడికెళ్లన్నీ పోయేది ఒక్క కడుపులకే అని ఎవరికీ అనిపియ్యది.

రెండేండ్ల కింద మా కొట్టానికి ఒక డాక్టరమ్మ వచ్చింది. సన్నపు పిల్ల, ప్యాంటు మీద రబ్బరు బూట్లు. పశువుల చదువు చదివిందట. పట్నంలో పశువులు ఏం తింటున్నయి, దాంతోని వాటి కడుపు, పాలు, ఈతలు ఏమైతున్నయని పరిశోధన చేస్తున్న అన్నది. నాకు నవ్వొచ్చింది.

"ఏం తింటయో నన్నడుగు బిడ్డా. హాస్టళ్ల అన్నం, బజార్ల పారేసిన గోబీ ఆకులు, ప్లాస్టిక్ కవర్లు. దీనికి అంత పెద్ద చదువు కావాల్నా?"

"ఏం తింటయో నువ్వు చెప్పు పెద్దమ్మా. తిన్నంక లోపల ఏమైతదో నేను చెప్త."

మాట నచ్చింది. పీట వేసి కూర్చోమన్న.

ఆ పిల్ల చెప్పినది నాకు ఇట్ల అర్థమైంది. ఆవు తినే గడ్డి నేరుగ ఆవుకు పోదు. దాని కడుపులో కంటికి కనపడని పురుగులు కోట్లల్ల ఉంటయి. గడ్డి వాటికి తిండి. అవి తిని, అరిగించి, ఆవుకు వండి పెడుతయి. గడ్డికి అలవాటుపడ్డ కడుపులో ఒక్కపారి అన్నం, బెల్లం కుమ్మరిస్తే వేరే రకం పురుగులు ఎగబడి పెరుగుతయి, కడుపంత పులియబెడుతయి. ఆ పులుపుకు మంచి పురుగులు చచ్చిపోతయి. ఆ పులుపు నెత్తురులకెక్కుతది. కడుపు నిండ ఉండంగనే ఆవు పడిపోతది.

"ఇడ్లీ పిండి గిన్నె దాటి పొంగినట్టా?" అని అడిగిన.

"అట్లనే. గిన్నె అయితే కడిగి బోర్లిస్తం," అన్నది.

ఎర్రావుకు క్యారెట్ గడ్డ అంత గొట్టం మింగిచ్చింది. కొట్టం గుంజకు ఒక డబ్బా కట్టింది. కడుపులో పులుపు ఎంతున్నదో గొట్టం చెప్తదట, డబ్బా విని ఆ పిల్ల ఫోనుకు పంపుతదట. మా ముసలాయన ఆ డబ్బా చుట్టు తిరిగి చూసిండు.

"మా కడుపుల సంగతి చెప్పే డబ్బా లేదా బిడ్డా?"

"నీ కడుపు సంగతి పెద్దమ్మకు తెలుసు గదా తాతా."

"తెలుసు. పట్టించుకోదు."

జొన్నచొప్ప ఎంత, పచ్చగడ్డి ఎంత, తవుడు ఎంత, ఉప్పుల పొడి ఎంత, అన్నీ ఆ పిల్ల చెప్పినట్టే పెట్టిన. కొన్ని నెలలకు ఆవు తోలు నిగనిగలాడింది. ఎదకు రాక గొడ్డుపోయిందనుకున్నది ఎదకు వచ్చింది, చూడి కట్టింది. ఆ శుక్రవారం నాటికి కడుపుల ఏడో నెల. మా కొట్టంలో దూడ మొఖం చూడక ఎన్నేండ్లో అయింది. నేను చిన్న పలుపు పేని గుంజకు తగిలిచ్చిన. పైకి చెప్పలేదు గని, ఆ వయసులో నాకు కావాల్సింది అదొక్కటే ఉండె, ఆ పలుపు ఒక మెడకు కట్టుడు.

ఆ వారం ముహూర్తాలు వరుసగ వచ్చినయి. బుధవారం, గురువారం ముసలాయన ఒక్కడే ఆవును తోలుకపోయిండు. నాకు మోకాళ్లు లేవక ఇంటికాడ ఉన్న. గురువారం పొద్దుగూకే యాళ్లకు ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. ఆవు దిగుడే తేడాగ దిగింది. చొప్ప ముందట వేస్తే మూతి తిప్పుకున్నది. ఎడమ డొక్క పొంగి ఉన్నది. కొట్టంలకు వచ్చినంక డబ్బా వినవట్టె. కొంచెం సేపటికి నా ఫోను మోగింది. చూస్తే డాక్టరమ్మ రాసింది. అక్షరం అక్షరం కూడబలుక్కొని చదివిన. ఆవు కడుపు పులుస్తున్నది, వంటసోడా నీళ్లల్ల కలిపి తాపుండ్రి, రేపు ఎక్కడికీ తోలుకపోకుండ్రి, తెల్లారంగనే నేను వస్త.

ముసలాయనకు వినిపిచ్చిన.

"చదువు వచ్చిందని నాకు ఆర్డర్లు ఏస్తున్నవా?" అన్నడు.

"నేను కాదు. దాని కడుపు చెప్తున్నది. ఏం పెట్టిండ్రు దీనికి?"

"ఏం పెడుతరు, తలా ఒక పిడికెడు."

"ఎన్ని తలలు?"

ఆయన ఆవును గుంజకు కట్టేసిండు. తర్వాత, "ముహూర్తం తెల్లారి. ఇంటోళ్లు పాత ఇల్లు ఖాళీ చేసిండ్రు, సామాను లారీల ఎక్కిచ్చిండ్రు. పూజ చేయించే అయ్యగారికి మాటిచ్చిన. ఇంకో ఆవును ఎక్కడ తేవాలె? మియాపూర్ కాడికెళ్లి గచ్చిబౌలి దాక ఖాళీగ ఉన్న ఆవు ఒక్కటి లేదు రేపు. సాఫ్ట్‌వేరోళ్లకన్న బిజీ ఉన్నయి," అన్నడు.

సోడా తాపినం. తెల్లారగట్ల లేచి చూస్తే ఆవు దవడలు కదులుతున్నయి.

"చూడు, నెమరేస్తున్నది. తగ్గింది. ఇగ ఫికర్ లేదు," అన్నడు.

చీకట్ల నాకు కూడ నెమరు లెక్కనే కనపడ్డది. అది నెమరు కాదు, నొప్పికి పండ్లు కొరుకుతున్నదని డాక్టరమ్మ తర్వాత చెప్పింది. ఆయన వినడని తెలుసు. అందుకని మోకాళ్లకు గుడ్డ చుట్టుకొని నేను కూడ ట్రాలీ ఎక్కిన. ఎవరినీ ఏం పెట్టనియ్యకుండ ఆవు మూతి కాడ నిలబడాలని. పచ్చగడ్డి కట్ట ఒకటి వెంట పట్టుకున్న.

లిఫ్టు దిగినం అని చెప్పిన గదా. నున్నటి బండల మీద కాళ్లు జారకుండ గోనె సంచులు పరిచిండ్రు. గడపలో ఇంటాయన, ఇంటామె పట్టుబట్టలతోని నిలబడ్డరు. కోస్తా దిక్కోళ్లు, ఇద్దరూ ఇక్కడ కంపెనీలల్ల పనిచేస్తరు. ఇంటాయన తల్లి పళ్లెం పట్టుకొని ముందట ఉన్నది. పళ్లెం నిండ బెల్లం, శెనగలు, ఒక గిన్నె పరమాన్నం.

"దీనికి ఏం పెట్టకుండ్రి," అని అప్పుడే చెప్పిన. "ఒంట్ల బాగలేదు. పెట్టాలనుంటే నేను గడ్డి తెచ్చిన, ఇది పెట్టుండ్రి."

పెద్దావిడ నన్ను కింది నుంచి మీది దాక చూసింది. "గడ్డేంటమ్మా? శుభమా అని గోమాత ఇంటికొస్తే గడ్డి పెట్టి పంపుతామా?"

"అది తినేది గడ్డేనమ్మా."

"రోజూ తింటుందిగా. ఇవాళ దానికీ పండగే కదా."

ఇంటామె నడుమ వచ్చింది. "సరేనండి, పెట్టం లెండి. అత్తయ్యగారూ, ఆగండి," అన్నది. మంచి మనిషి. ఇప్పటికీ ఆమెను నేనేమనను.

ముసలాయన ఆవును అన్ని అర్రలు తిప్పిండు. వంటింట్లకు, దేవుని అర్రలకు, గాజు తలుపుల బాల్కనీ దాక. ఆవు ఒక్కో అడుగు ఆలోచించి వేస్తున్నది. మళ్ల హాల్లోకి వచ్చి నిలబడ్డది. పేడ వెయ్యలె. అందరూ తోక దిక్కు చూస్తున్నరు. ఫోన్లు పట్టుకొని తయారుగ ఉన్నరు. అయ్యగారు మంత్రం ఆపి, "కానివ్వాలి, సమయం దాటిపోతోంది," అన్నడు. ఆవుతోని అన్నడో మాతోని అన్నడో తెల్వదు.

ఆవుకు నీళ్లు పెడితే మంచిదని నేను బకెట్ అడిగేతందుకు వంటింట్లకు పోయిన. వచ్చేవరకు పెద్దావిడ చెయ్యి ఆవు మూతి కాడ ఉన్నది. ఆవు తినట్లేదు, పెదవులు బిగబట్టుకున్నది. ఆమె పరమాన్నం ముద్దను పెదవి పక్కపొంటి లోపలికి నెడుతున్నది, మారాం చేసే మనుమనికి పెట్టినట్టు. "తిను తల్లీ, తిని మా ఇల్లు చల్లగా చూడు," అంటున్నది. ముసలాయన తలుగు పట్టుకొని పక్కకు చూస్తున్నడు.

చేతిల బకెట్ కింద పెట్టేలోపల ఆవు పేడ వేసింది.

ఇల్లంత సంబురమైంది. ఒకామె చప్పట్లు కొట్టింది. ఇంటామె కండ్లల్ల నీళ్లు తిరిగినయి. పెద్దావిడ వంగి దానికి కుంకుమ పెట్టింది. నేను దగ్గరికి పోయి చూసిన. అది పేడ కాదు. పసుపుపచ్చగ, నీళ్లు నీళ్లుగ, నురుగు. అందుల శెనగలు నిన్న తిన్నవి తిన్నట్టే ఉన్నయి, ఒక్కటి అరగలె. పులిసిన పిండి వాసన గుప్పుమన్నది. అగరబత్తుల పొగల ఎవరికీ తెలవలేదో ఏమో.

"సంబురపడకుండ్రి," అన్న. "అది రోగం."

"శుభం జరుగుతుంటే అలాంటి మాటలు అనకూడదమ్మా," అన్నది పెద్దావిడ, మెల్లగనే.

అప్పుడు ఆవు వెనక కాళ్లు వణికినయి. ముందు మోకాళ్ల మీద వంగి, ఆ నున్నటి బండల మీద పండుకున్నది. చుట్టాలల్ల ఎవరో, "మీ ఇల్లు నచ్చిందే దానికి, కదలనంటోంది," అంటే అందరూ నవ్విండ్రు. ఆవు మెడ తిప్పి తల డొక్కకు ఆనిచ్చుకున్నది. ఆ తల మళ్ల లేపలె. నవ్వులు ఒక్కటొక్కటి ఆగిపోయినయి.

ఫోను చేస్తే డాక్టరమ్మ అప్పటికే మా కొట్టం కాడ ఉన్నది. "కొట్టం ఖాళీగ ఉందేంది పెద్దమ్మా?" అన్నది. సంగతి చెప్పిన. "ఏ అంతస్తు?" అని మాత్రం అడిగింది.

వచ్చినంక కూడ ఎవరినీ ఒక్క మాట అనలె. ఆవు పక్కన మోకాళ్ల మీద కూర్చొని కండ్లు చూసింది, తోలు గుంజి చూసింది, డొక్క మీద చెవి పెట్టింది. పరదాలు వేసే కడ్డీకి సెలైన్ సీస కట్టింది. నోట్ల నుంచి గొట్టం వేసి మందు నీళ్లు పోసింది. "మంచి ఆవు కడుపుల నుంచి తీసిన రసం ఫ్లాస్కుల పట్టుకొని మా వాళ్లు బయలుదేరిండ్రు. అది పోస్తే లోపల మంచి పురుగులు మళ్ల మొలుస్తయి. అందాక ఇట్లనే ఉండనియ్యాలె," అన్నది.

"దక్కుతదా బిడ్డా?"

"ఆ ఫ్లాస్కు తొందరగ రావాలె పెద్దమ్మా."

బాల్కనీ కాడికి పోయి కిందికి చూసిన. తెల్లారింది. ఆఫీసులకు పోయే కార్లు అప్పుడే ఒకదానెనక ఒకటి ఆగినయి.

లోపల అయ్యగారు ఇంటాయనను పక్కకు పిలిచిండు. మెల్లగ చెప్పినా వినపడ్డది. గోవు ఇంట్లో ప్రాణం విడిస్తే ఆ ఇల్లు నెలల కొద్ది మూసుకోవాలె, శాంతి చేయించేదాక దీపం పెట్టరాదు అని. ఇంటాయన వచ్చి డాక్టరమ్మ వెనక నిలబడ్డడు.

"డాక్టర్ గారూ, కిందికి తీసుకెళ్లి ట్రీట్‌మెంట్ చేయొచ్చు కదండి?"

"కదిలిస్తే తట్టుకోదండి."

"ఇక్కడే ఉంచితే బతుకుతుందని గ్యారంటీ ఇస్తారా?"

ఆ పిల్ల సూది పక్కన పెట్టి ఆయన దిక్కు తిరిగింది. "గ్యారంటీ ఇయ్యలేను," అన్నది.

ఒక్క అబద్ధమాడితే ఒక గంట దొరికేది. చదువుకున్న పిల్ల, ఆడలేదు.

ఇంటామె నా రెండు చేతులు పట్టుకున్నది. "నిన్ననే పాత ఇంటి తాళాలు ఇచ్చేశాం పెద్దమ్మా. సామాను కింద లారీలో ఉంది. మేం ఎక్కడికి పోవాలండి? ఏం పాపం చేశామని మాకిలా?"

"పాపం కాదు తల్లీ, పరమాన్నం," అన్న. కటువుగనే అన్న. ఆమె చేతులు విడిచిపెట్టింది.

నేను ఆవు తలకాడ కూర్చొని లేవనన్న. నన్ను లేపింది ఇంటోళ్లు కాదు, మా ముసలాయన.

"లే," అన్నడు.

"లేవను. కదిలిస్తే పోతదని ఆ పిల్ల చెప్తున్నది, చెవులు లేవా నీకు?"

"ఉన్నయి. వాళ్ల ఇల్లు చెడగొట్టి మనం ఏం బాగుపడుతమే? రేపు ఎవరు పిలుస్తరు మనల? ఇది పోతే కూడ పోయేది మన దగ్గరనే పోనీ."

ఆయన కండ్ల నుంచి నీళ్లు కారుతున్నయి. ఏడ్చుకుంటనే సామాను కప్పే తాడుపత్రి కింది నుంచి తెప్పిచ్చి, ఆవు కిందికి దూర్చి, ఒక మూల తనే పట్టుకున్నడు. ఇంటాయన ఒక మూల, లిఫ్టు నడిపే మనిషి ఒక మూల, చుట్టాలల్ల ఒకాయన ఒక మూల. పట్టుబట్టలతోనే పట్టుకున్నరు. డాక్టరమ్మ సీసను కడ్డీ మీద నుంచి తీసి నా చేతికిచ్చింది, "పైకి పట్టుకో పెద్దమ్మా, దించకు," అన్నది. గడప దాటేటప్పుడు అయ్యగారు ఏదో మంత్రం చదివిండు.

లిఫ్టులో ఆవు, డాక్టరమ్మ, నేను, లిఫ్టు మనిషి పట్టినం. మిగతావాళ్లు మెట్లు దిగుకుంట బయలుదేరిండ్రు. నేను సీస పైకెత్తి పట్టుకొని అంకెలు చదువుతున్న. వేరే ఏం చెయ్యాలె. పది, తొమ్మిది, ఎనిమిది. ఆవు ఒకపారి కాళ్లు చాపింది, ఇనుప గోడకు గిట్టలు కొట్టుకున్నయి. ఏడు. డాక్టరమ్మ దాని మెడ మీద చెయ్యి పెట్టింది. నాలుగు దాటినంక, "ఇగ దించు పెద్దమ్మా," అన్నది.

తలుపు తెరుచుకున్నది. కింద కార్లు పెట్టే జాగలో ఆగి చూస్తుండంగ మా ముసలాయన మెట్లు దిగి రొప్పుకుంట వచ్చిండు. నా చేతిల దించిన సీసను చూసి ఆవు పక్కన కూర్చున్నడు. కొంచెం సేపటికి ఇద్దరు పిలగాండ్లు హెల్మెట్లు తియ్యకుండ ఉరుక్కుంట వచ్చిండ్రు. ఒకరి చేతిల పెద్ద ఫ్లాస్కు ఉన్నది. డాక్టరమ్మ దాన్ని తీసుకొని మూత తిప్పి చూసి, మళ్ల మూత పెట్టింది. వెచ్చగనే ఉన్నదట.

పైన గృహప్రవేశం అయిపోయింది. పాలు పొంగిచ్చిండ్రు. ఆవు ఇంట్ల పోలేదు, లిఫ్టుల పోయింది, కాబట్టి దోషం లేదని అయ్యగారు చెప్పిండట. మాకు భోజనం ప్యాకెట్లు పంపిండ్రు.

ఊరి బయట జాగలో డాక్టరమ్మ ఆవు కడుపు కోసింది. నేను చూస్త అన్న, చూసిన. పుల్లటి నీళ్లు, మెతుకులు, శెనగలు, అరటి తొక్కలు. గడ్డి జాడ లేదు. అప్పుడు మింగిచ్చిన గొట్టం దొరికింది, కడిగింది. ఆడదూడ, ఎర్రదే. నెత్తి మీద తెల్ల చుక్క ఉన్నది.

ఆ తర్వాత ఆ పిల్ల ఆవుల మెడల కట్టేతందుకు పెద్ద అక్షరాలతోని బోర్డులు రాసింది. గృహప్రవేశం ఆవుకు గడ్డి తప్ప ఏం పెట్టవద్దు, పెడితే చస్తది అని. ఆవులు తోలే అందరికీ పంచింది. గృహప్రవేశం నాడు చస్తది అని మెడల రాసుకొని వచ్చే ఆవును ఎవరు పిలుస్తరు? అందరూ తీసి పక్కకు పెట్టిండ్రు. మా ముసలాయన ఇప్పుడు వేరేటోళ్ల ఆవును తోలుతున్నడు. నేను ఆయన వెంట పోను. ఏం పెట్టిండ్రని అడగను కూడ. ఆ పిల్ల పరిశోధన పూర్తయిందట, వేరే దేశపోళ్లు కూడ మెచ్చుకున్నరట. వచ్చి మిఠాయి పెట్టి పోయింది. మంచిదే. ఎవరికి ఉపయోగమైతదో నాకు తెల్వదు. పలుపు ఇంకా గుంజకే ఉన్నది, ఎలుకలు కొరుకుతున్నయి.

ఆనాడు అక్కడ ఉన్నోళ్లు వీళ్లు. తలుగు పట్టుకున్న మా ముసలాయన. పట్టుబట్టల ఇంటాయన, ఇంటామె. ప్రేమతోని ముద్ద పెట్టిన పెద్దావిడ. తర్వాతి ముహూర్తానికి టైము చూసుకున్న అయ్యగారు. తలా ఒక పిడికెడు తెచ్చిన చుట్టాలు. లిఫ్టు నడిపిన మనిషి. అబద్ధం ఆడరాని డాక్టరమ్మ. ఫ్లాస్కుతోని ఆలస్యంగ వచ్చిన ఇద్దరు. సీస పట్టుకున్న నేను. మా ఎర్రావు. దాని కడుపుల, నెత్తి మీద తెల్ల చుక్కతోని, దాని బిడ్డ.